చిన్న బండికి గిరాకీ తగ్గిందా?
ఘాట్‌కు దిగువన ముప్పావు టన్ను.. ఎగువన ఒకటిన్నర టన్ను
లెక్క చూసుకోకుండా కొంటే కంతుల భారం తప్పదు

తిరుపతి/చిత్తూరు: లైసెన్సు చేతికి వచ్చింది. ఇంట్లో కొంత సొమ్ము సర్దుబాటయింది. ఫైనాన్స్‌ కంపెనీ సరేనంది. ఇక తేలవలసింది ఒక్కటే. చిన్న బండి కొనాలా, పెద్ద బండి కొనాలా? ఉమ్మడి చిత్తూరు జిల్లాలో సొంత బాడుగ బండితో బతుకుదెరువు వెతుక్కుందామనుకునే యువకులను నేడు వేధిస్తున్న ప్రశ్న ఇదే. పదిహేనేళ్ల క్రితం ఈ సందేహానికి తావు లేదు. కొనగలిగిన వారంతా ముప్పావు టన్ను మోసే మినీ ట్రక్కునే కొన్నారు. నేడు అదే బండి పక్కన ఒకటిన్నర టన్ను మోసే పికప్‌ నిలబడి కవ్విస్తోంది. చిన్న బండ్ల కాలం చెల్లిందని కొందరు, అసలు కాలం ఇప్పుడే మొదలైందని మరికొందరు వాదిస్తున్నారు. రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఏ నిజం ఎక్కడ వర్తిస్తుందన్నదే అసలు విషయం.

పదహారు గుర్రాల సంచలనం

చిన్న సరకు వాహనాల కథ టాటా ఏస్‌తోనే మొదలు కాలేదు. అంతకుముందు సరకు రవాణా అంటే రెండే మార్గాలు. తక్కువ సరకుకు మూడు చక్రాల ట్రాలీ ఆటో, ఎక్కువ సరకుకు లారీ. ఈ రెంటి నడుమ 1986లో వచ్చిన టాటా 407 లాంటి వ్యాన్లు కొంత ఖాళీని పూరించాయి. 1980వ దశకంలోనే మన రాష్ట్రం కూడా ఈ రంగంలో చేయి పెట్టింది. హైదరాబాద్‌ ఆల్విన్‌ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో తేలికపాటి ట్రక్కుల తయారీ చేపట్టింది. ఆ కర్మాగారం అనంతరం మహీంద్రా చేతికి వెళ్లింది. అయితే ఈ బండ్లన్నీ రెండు టన్నులు, ఆపైన మోసేవే. మూడు గంపల పూలు, పది పాల క్యాన్లు, ఇరవై బస్తాల దాణా తరలించవలసిన వాడికి అవి అక్కరకు రాలేదు.

2005 మే నెలలో టాటా ఏస్‌ రంగప్రవేశం చేసింది. 702 సీసీ సామర్థ్యం, రెండు సిలిండర్లు, 16 గుర్రాల శక్తి. మోయదగిన బరువు 750 కిలోలు. పొడవు నాలుగు మీటర్ల లోపు. ధర సుమారు 2.25 లక్షల రూపాయలు. గిరీశ్‌ వాగ్‌ నాయకత్వాన ఓ చిన్న బృందం దీనికి రూపకల్పన చేసింది. బండి గీతలు గీయకముందే ఆ బృందం ట్రాలీ ఆటోల యజమానుల వద్దకు వెళ్లి మీకేం కావాలని అడిగింది. మైలేజీ, మన్నిక సంగతి అలా ఉంచితే నాలుగు చక్రాల బండి ఉంటే ఊళ్లో పరువు, పెళ్లి సంబంధాల్లో గౌరవం పెరుగుతాయని కొందరు చెప్పినట్లు ఆ ప్రాజెక్టుపై వెలువడిన కథనాలు పేర్కొంటాయి. ఈ మాటలో అతిశయోక్తి లేదని మన పల్లెలు తెలిసిన వారెవరైనా ఒప్పుకుంటారు. రెండేళ్లు నిండకముందే లక్ష బండ్లు అమ్ముడయ్యాయి.

ఉత్తరాదిలో దీనిని ‘ఛోటా హాథీ’ అన్నారు. సరిహద్దు అవతల తమిళనాడులో ‘కుట్టి యానై’ అయింది. నగరి, సత్యవేడు, గుడిపాల వంటి సరిహద్దు మండలాల్లో ఆ తమిళ పేరు తెలియని వారు అరుదు. ఏనుగు పేరుతో బండి తిరిగినా ఎవరూ జడవని ప్రాంతం అది. కౌండిన్య అభయారణ్యం అంచున పలమనేరు, కుప్పం రైతులకు మాత్రం ఏనుగు అంటే పంటను తొక్కేసే నిజమైన ఏనుగే. వారు ఈ బండిని నేటికీ ఏస్‌ అనే పిలుస్తారు.

గిరాకీ చూసి మిగిలిన కంపెనీలూ బరిలో దిగాయి. 2010లో మహీంద్రా మాక్సిమో, 2011లో అశోక్‌ లేలాండ్‌ దోస్త్‌, 2015లో జహీరాబాద్‌లో తయారైన జీతో, 2016లో మారుతీ సుజుకీ సూపర్‌ క్యారీ వచ్చాయి. వీటిలో దోస్త్‌ది ప్రత్యేక స్థానం. మన పడమటి మండలాలకు పొరుగునే ఉన్న హోసూరులో తయారైన ఈ బండి టన్నుంబావు మోస్తుంది. ఏస్‌ కంటే పెద్దది, 407 కంటే చిన్నది. రైతు మనసు అటువైపు మళ్లడానికి ఆనాడే బీజం పడింది.

ధర పెరిగింది.. బరువు పెరగలేదు

చిన్న బండి వెనుకబాటుకు ప్రధాన కారణం గిరాకీ లేకపోవడం కాదు, ధర. 2020 ఏప్రిల్‌ నుంచి బీఎస్‌-6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాయి. డీజిల్‌ ఇంజిను పొగను శుద్ధి చేసే పరికరాలు పెద్ద లారీకి ఎంత అవసరమో చిన్న బండికీ అంతే అవసరం. ఇరవై లక్షల లారీపై ఆ ఖర్చు పడితే సర్దుకుంటుంది. నాలుగు లక్షల బండిపై పడితే నడ్డి విరుగుతుంది. మారుతీ సంస్థ సూపర్‌ క్యారీలో డీజిల్‌ను పూర్తిగా మానేసి పెట్రోలు, సీఎన్‌జీలకు పరిమితమైంది. తక్కిన కంపెనీలూ పెట్రోలు ఇంజిన్లను ముందుకు తెచ్చాయి. చిన్న బండి ధర ఐదు లక్షలు దాటింది.

అదే సమయంలో కింది నుంచి మరో పోటీ మొదలైంది. విద్యుత్తుతో నడిచే ట్రాలీ ఆటోలు పట్టణాల్లో విస్తరించాయి. నీళ్ల క్యాన్లు, గ్యాస్‌ సిలిండర్లు, కిరాణా సరకు వంటి తక్కువ దూరపు బాడుగలను అవి తన్నుకుపోయాయి. పై నుంచి బొలెరో పికప్‌, దోస్త్‌, ఇంట్రా వంటివి ఒత్తిడి తెచ్చాయి. మరో రెండు మూడు లక్షలు పెట్టుకుంటే రెట్టింపు సరకు మోసే బండి వస్తుందంటే కొనేవాడు ఆగుతాడా? దీంతో దేశవ్యాప్తంగా ముప్పావు టన్ను బండ్ల వాటా తగ్గి, టన్ను దాటిన పికప్‌ల వాటా పెరిగింది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. దేశం మొత్తానికి వర్తించే ఈ ధోరణి మన జిల్లాలో అన్ని చోట్లా ఒకే తీరున కనిపించదు. ఘాట్‌ రోడ్లే అందుకు కారణం.

టమోటాకు ఒక లెక్క.. పూలకు ఒక లెక్క

భౌగోళికంగా ఉమ్మడి చిత్తూరు జిల్లా రెండు అంతస్తుల ఇల్లు లాంటిది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాలు ఎగువన ఉన్న పీఠభూమి. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతాలు దిగువన ఉన్న మైదానం. 2022 ఏప్రిల్‌ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో పాలన గీతలు మారాయి కానీ కొండలు కదలలేదు. రెండు అంతస్తుల మధ్య మెట్లు భాకరాపేట ఘాట్‌, మొగిలి ఘాట్‌.

ఎగువ ప్రాంతపు సరకు ప్రధానంగా టమోటా, కూరగాయలు. గమ్యం మదనపల్లె మార్కెట్‌ యార్డు, లేదా నేరుగా బెంగళూరు, చెన్నై కోయంబేడు. ఒక టమోటా బాక్సు 25 కిలోలు తూగుతుందనుకుంటే ముప్పావు టన్ను బండిలో చట్టబద్ధంగా పట్టేవి 30 బాక్సులు. టన్నుంబావు బండిలో 50, ఒకటిన్నర టన్ను బండిలో 60. ఎకరం తోటలో కోత ముమ్మరంగా ఉన్న రోజున 30 బాక్సులు ఏ మూలకు? రెండోసారి తిరగాలి. లేదా పొరుగు రైతు బండిలో చోటు అడుక్కోవాలి. అందుకే తోట గట్టున 30 బాక్సులు ఎక్కవలసిన బండిపై 50 బాక్సులు ఎక్కుతున్నాయి. తాళ్లు బిగించి, కొమ్మల మీదుగా ఊగుతూ వెళ్లే ఆ బండ్లను పడమటి మండలాల్లో చూడని వారు లేరు.

పదహారు గుర్రాల ఇంజినుతో అంత బరువు ఘాట్‌ ఎక్కితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. క్లచ్‌ అరిగిపోతుంది. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు సడలుతాయి. తొలితరం ఏస్‌ బండ్లకు ఈ ప్రాంతంలో వచ్చిన చెడ్డపేరు బండి లోపం వల్ల కాదు, బరువు లోపం వల్ల. తర్వాతి తరాల్లో ఇంజిన్ల శక్తి పెరిగినా ఆ జ్ఞాపకం చెరిగిపోలేదు. కనుక ఎగువ మండలాల్లో రైతులు, బాడుగదారులు పెద్ద పికప్‌ వైపు మొగ్గడం సహేతుకమే.

ధర మాట కూడా ఉంది. 2023 జూలై చివరలో మదనపల్లెలో మేలురకం టమోటా కిలో 200 రూపాయల దరిదాపులకు చేరింది. ఆ రోజున 30 బాక్సుల బండి లక్షన్నర రూపాయల సరకు మోసింది. ధర పడిపోయిన సంవత్సరం అదే 30 బాక్సులకు బాడుగ డబ్బులు రావడమే గగనం. సరకు విలువ ఎంత మారినా బాడుగ మాత్రం దూరాన్ని బట్టే ఉంటుంది. ధర లేనప్పుడు రైతు మొదట కోరేది బాక్సుకు పడే బాడుగ తగ్గించమనే. బాక్సుకు బాడుగ తగ్గాలంటే బండి పెద్దదై ఉండాలి. చిన్న బండివాడు ఈ పోటీలో నెగ్గలేడు.

మామిడి సంగతి మరీ వేరు. తోతాపురి కాయలు గుజ్జు కర్మాగారాలకు టన్నుల కొద్దీ తరలుతాయి. ఇది ట్రాక్టరు ట్రాలీల పని. పైగా నిరీక్షణ తప్పదు. 2025 సీజనులో కర్మాగారాల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. కిలోకు 12 రూపాయలు దక్కేలా అందులో 4 రూపాయలు తాము భరిస్తామని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చిన సంవత్సరమది. నెలనెలా కంతు కట్టవలసిన మినీ ట్రక్కు మూడు రోజులు క్యూలో నిలబడితే ఆ నెల గల్లంతే. మామిడిని నమ్ముకుని చిన్న బండి కొనరాదన్నది ఇందుకే. నీలం, బంగినపల్లి వంటి తినే కాయలను మండీలకు, పట్టణ దుకాణాలకు చేర్చే బాడుగలు మాత్రం ఆ రెండు నెలలూ బాగానే ఉంటాయి.

ఇక ఘాట్‌ దిగువకు వస్తే లెక్క తలకిందులవుతుంది. తిరుపతి యాత్రికుల పట్టణం. హోటళ్లు, సత్రాలు, పూల దుకాణాలు, ప్రసాద సామగ్రి అంగళ్లు నిత్యం సరకు కోరతాయి. కోరేది మాత్రం టన్నుల్లో కాదు. పది బస్తాల బియ్యం, ఆరు డబ్బాల నూనె, నాలుగు గంపల పూలు. దించవలసిన చోటు గోవిందరాజస్వామి ఆలయ పరిసరాలు, గాంధీ రోడ్డు, తిలక్‌ రోడ్డు, వాటి నుంచి చీలే సందులు. ఏస్‌ తరగతి బండి 3.8 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు. ఇరుకు సందులో కూడా పెద్దగా వెనక్కు ముందుకు ఆడకుండా తిరిగిపోతుంది. దాదాపు ఐదు మీటర్ల పికప్‌ను అదే సందులో తిప్పే లోపు వెనుక హారన్లు మోగిపోతాయి. రోజుకు ఎనిమిది చోట్ల ఆగి దించే పనికి పెద్ద తొట్టి కంటే చిన్న బండి చురుకుదనమే ముఖ్యం. నగరి, పుత్తూరు మరమగ్గాల గుడ్డ మూటలు, పల్లెల నుంచి శీతల కేంద్రాలకు పాల క్యాన్లు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల కోళ్ల దాణా.. ఇవన్నీ ముప్పావు టన్ను లోపు బాడుగలే.

అంటే గిరాకీ ఉందా, లేదా అన్న ప్రశ్నకు జిల్లా మొత్తానికి ఒకే జవాబు లేదు. భాకరాపేట దాటాక ఒక జవాబు, దాటక ముందు ఇంకొకటి.

కంతు చెప్పే నిజం

బండి కొనేవారిలో అత్యధికులు అప్పు మీదే ఆధారపడతారు. కనుక బాడుగ ఎంత వస్తుందన్నదాని కంటే కంతు ఎంత పడుతుందన్నదే ముందు చూడాలి. ఉదాహరణకు నాలుగేళ్ల గడువు, 11 శాతం వడ్డీ అనుకుందాం. మూడున్నర లక్షల అప్పుకు నెలకు కంతు సుమారు 9,050 రూపాయలు. ఎనిమిదిన్నర లక్షల అప్పుకు సుమారు 22,000. నెలకు 26 రోజులు బండి తిరుగుతుందనుకుంటే చిన్న బండి రోజుకు 350 రూపాయలు, పెద్ద బండి 850 రూపాయలు కేవలం కంతు కోసమే సంపాదించాలి. డీజిల్‌, టైర్లు, మరమ్మతులు, డ్రైవరు కూలి దానిపైన. బండి నిండా సరకు దొరికిన రోజున పెద్ద బండి ఈ తేడాను అవలీలగా పూడుస్తుంది. సగం తొట్టితో తిరిగిన రోజున మాత్రం పెద్ద బండి యజమాని సొంత జేబులోంచి కంతు కడతాడు. ఏడాదిలో ఎన్ని రోజులు తొట్టి నిండుతుందన్నదే నిర్ణయాత్మకం.

బీమా విషయంలో చాలామంది గమనించని అన్యాయం ఒకటి ఉంది. ఇతరులకు జరిగే నష్టానికి చెల్లించే తప్పనిసరి బీమా ప్రీమియంను 2022లో కేంద్రం సవరించింది. దాని ప్రకారం మొత్తం బరువు ఏడున్నర టన్నుల లోపున్న నాలుగు చక్రాల సరకు వాహనాలన్నింటికీ ఏడాదికి 16,049 రూపాయలు. దీనిపై పన్ను అదనం. ఏస్‌కూ ఇదే రేటు, దానికంటే నాలుగైదు రెట్లు బరువైన వ్యానుకూ ఇదే రేటు. మూడు చక్రాల సరకు ఆటోకు మాత్రం 4,492 రూపాయలే. ట్రాలీ ఆటో నుంచి మినీ ట్రక్కుకు ఎదగాలనుకునే వాడిపై ఒక్కసారిగా ఏటా పదకొండు వేల రూపాయల పైచిలుకు భారం పడుతోంది. చిన్న బండ్ల గిరాకీ తగ్గిందని బాధపడే వారు ఈ రేటులో మరో మెట్టు ఎందుకు పెట్టరాదో ఆలోచిస్తే బాగుంటుంది.

చట్టం గీసిన గీతలు

చిన్న బండికి చట్టం కొన్ని వెసులుబాట్లు ఇచ్చింది. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్‌ ప్రకారం మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరకు వాహనానికి పర్మిట్‌ అక్కరలేదు. మొత్తం బరువు అంటే బండి బరువు, సరకు బరువు కలిపి. మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న జిల్లాకు ఇది ఎంతటి సౌలభ్యమో వేరే చెప్పనక్కర లేదు. ఒకటిన్నర టన్ను మోసే కొన్ని కొత్త మోడళ్లు సైతం ఈ మూడు టన్నుల గీతకు కాస్త దిగువన ఆగేలా తయారు కావడం యాదృచ్ఛికం కాదు. అయితే పర్మిట్‌ లేదు కదా అని తక్కిన పత్రాలు మరువరాదు. ఫిట్‌నెస్‌, బీమా, పన్ను, కాలుష్య ధ్రువపత్రం ఏ బండికైనా తప్పవు. కొత్త సరకు వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్‌ చేయించాలి.

లైసెన్సు చిక్కు కూడా తీరింది. కారు లైసెన్సుతో సరకు బండి నడపవచ్చా అన్న వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీలు దీన్నే సాకుగా చూపి పరిహారం ఎగ్గొట్టేవి. 2017లో ముకుంద్‌ దేవాంగన్‌ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దానినే ఖరారు చేసింది. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చు. ప్రత్యేక అనుమతి అక్కరలేదు.

వెసులుబాటు అక్కడికే. అధిక బరువుకు 2019 సవరణతో జరిమానా 20,000 రూపాయలు అయింది. మించిన ప్రతి టన్నుకు మరో 2,000 అదనం. పరిమితికి మించి ఇరవై బాక్సులు ఎక్కించి సంపాదించిన అదనపు బాడుగను ఎన్ని నెలలు కూడబెడితే ఈ జరిమానా తీరుతుందో యజమానులే లెక్క వేసుకోవాలి.

అంతకంటే ఘోరం, మనుషుల రవాణా. కూలీలను తోటలకు, బంధువులను పెళ్లిళ్లకు, భక్తులను జాతరలకు సరకు బండి తొట్టిలో తరలించడం పల్లెల్లో మామూలైపోయింది. బస్సు లేని ఊళ్లకు గత్యంతరం లేకపోవడం కాదనలేని వాస్తవం. కానీ ఈ తరగతి బండ్లు బరువును కింద ఉంచి మోయడానికి తయారైనవి. ఇరవై మంది నిలబడితే బరువు పైకి లేస్తుంది. మలుపులో బోల్తా పడడానికి అదే మూలం. సరకు వాహనంలో ప్రయాణిస్తూ చనిపోయిన వారికి బీమా వర్తించదని కంపెనీలు చేతులెత్తేస్తాయి. పరిహారం భారం యజమాని నెత్తిన పడే ప్రమాదం ఉంది. ఒక్క పెళ్లి బాడుగతో ఇల్లు వాకిలి అమ్ముకోవలసి రావచ్చు.

9,260 బండ్ల అనుభవం

చిన్న బండికి గిరాకీ కృత్రిమంగా సృష్టిస్తే ఏమవుతుందో మన రాష్ట్రానికి ప్రత్యక్ష అనుభవం ఉంది. 2021 జనవరి 21న నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి విజయవాడలో రేషన్‌ పంపిణీ వాహనాలను ప్రారంభించారు. రాష్ట్రవ్యాప్తంగా మొత్తం 9,260. వీటిలో 6,413 టాటా ఏస్‌ గోల్డ్‌ బండ్లు. మారుతీ సూపర్‌ క్యారీలు కూడా తీసుకున్నారు. ఒక్కో వాహనం ఖరీదు 5.81 లక్షల రూపాయలు. అందులో 60 శాతం రాయితీ, 30 శాతం బ్యాంకు రుణం, 10 శాతం లబ్ధిదారు వాటా. నెలకు 16,000 రూపాయలు ఇస్తామని మొదట ప్రకటించి, నిర్వాహకులు గిట్టుబాటు కాదనడంతో 21,000కు పెంచారు.

నిరుద్యోగ యువకుడికి ఇది స్థిరమైన బాడుగ. సరకు దొరుకుతుందో లేదో అన్న బెంగ లేదు. 2025 జూన్‌ 1 నుంచి కూటమి ప్రభుత్వం ఈ పద్ధతిని రద్దు చేసి చౌక దుకాణాల ద్వారా పంపిణీని పునరుద్ధరించింది. వృద్ధులకు, దివ్యాంగులకు మాత్రం డీలర్లే ఇంటికి చేర్చాలని నిర్ణయించింది. వాహనాలను నిర్వాహకులకే ఉచితంగా అప్పగిస్తామని, సొంత ఉపాధికి వాడుకోవచ్చని ప్రకటించింది.

ఏ పద్ధతి మేలన్నది రాజకీయ చర్చ. దానిని పక్కన పెడితే రవాణా రంగానికి ఇందులో ఒక పాఠం ఉంది. బియ్యం తూచి ఇవ్వడానికి ప్రత్యేకంగా బిగించిన బాడీ గల బండి, బహిరంగ మార్కెట్లో బాడుగకు రావాలంటే బాడీ మార్చాలి, రంగు మార్చాలి. అన్నిటినీ మించి నాలుగేళ్లు ఒకే ప్రభుత్వ శాఖ పని చేసిన వాడికి మండీలో పరిచయాలు ఉండవు. బాడుగ రంగంలో పెట్టుబడి బండి కాదు, పరిచయం. నలుగురు వ్యాపారులు ఫోను చేసి పిలిచే వాడి వద్ద పాత బండి ఉన్నా తిరుగుతుంది. ఎవరూ పిలవని వాడి వద్ద కొత్త బండి కూడా చెట్టు కిందే ఉంటుంది.

తయారీ ఇక్కడ.. కొనుగోలు అక్కడ

విచిత్రమేమంటే పికప్‌ బండ్లు తయారయ్యేది మన వద్దే. సత్యవేడు సమీపాన శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. ఇక్కడి డి-మ్యాక్స్‌ పికప్‌లు విదేశాలకూ ఎగుమతి అవుతున్నాయి. దాదాపు 5.3 మీటర్ల పొడవైన ఈ బండ్లలో ముందు కుటుంబం, వెనుక సామాను ఎక్కే వి-క్రాస్‌ రకం ఖరీదు 20 లక్షలకు పైమాటే. థాయ్‌లాండ్‌, ఆస్ట్రేలియా రైతులు ఇలాంటివే వాడతారు. వరదయ్యపాళెం రైతు తన ఊరి పక్కనే తయారయ్యే ఆ బండిని హైవే మీద వెళుతుంటే చూడడమే తప్ప కొనేది లేదు. కారు, ట్రక్కు కలగలిసిన బండి మన దేశంలో ఏనాడూ పెద్దగా అమ్ముడుపోలేదు. టాటా జెనాన్‌, మహీంద్రా ఇంపీరియో వంటివి వచ్చి కనుమరుగయ్యాయి. సరకు మోసేది సరకు మోయాలి, మనుషులు ఎక్కేది వేరే ఉండాలి అన్నది మన కొనుగోలుదారుల లెక్క.

జపాన్‌ది మరో దారి. అక్కడ 660 సీసీ ఇంజిను, 3.4 మీటర్ల పొడవు మించని బుల్లి ట్రక్కులకు చట్టమే ప్రత్యేక తరగతి కేటాయించి పన్నులు తగ్గించింది. 350 కిలోలకు మించి మోయకూడదు. అయినా పల్లెల్లో ప్రతి రైతు ఇంటి ముందూ ఒకటి ఉంటుంది. చిన్న బండికి గిరాకీ దానంతట అదే పుట్టదని, ప్రభుత్వ విధానం కొంత ఊపిరి పోయాలని జపాన్‌ అనుభవం చెబుతుంది. అమెరికాలో పికప్‌లు ఏటికేడు పెరిగి పర్వతాలయ్యాయి. 2021లో ఫోర్డ్‌ సంస్థ మావెరిక్‌ పేరుతో చిన్న పికప్‌ తెస్తే జనం ఎగబడ్డారు. అయితే వారు చిన్నదనేది మన దోస్త్‌ కంటే పొడవైనదే.

మళ్లీ చౌక బాట

2025లో గాలి కొంత మళ్లింది. జూన్‌లో టాటా సంస్థ ఏస్‌ ప్రో పేరుతో 750 కిలోలు మోసే కొత్త బండిని 3.99 లక్షల ప్రారంభ ధరకు తెచ్చింది. పెట్రోలు రకానికి 694 సీసీ ఇంజిను. పెట్రోలుతో పాటు సీఎన్‌జీతో నడిచేది 4.99 లక్షలు, విద్యుత్తుతో నడిచేది ఆరున్నర లక్షలు. ధరను బట్టి చూస్తే గురి పికప్‌ మీద కాదు, మూడు చక్రాల ట్రాలీ ఆటో మీద. అంటే 2005లో వేసిన ఎత్తునే ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వేశారు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి సరకు వాహనాలపై జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. చిన్న బండికీ, పెద్ద పికప్‌కూ ఈ తగ్గింపు సమానమే. కనుక రెంటి మధ్య పోటీ యథాతథం. ట్రాలీ ఆటోలపైనా పన్ను తగ్గిందన్నది గమనార్హం.

విద్యుత్తు బండ్ల విషయంలో తొందరపాటు తగదు. ఒక్కసారి చార్జింగ్‌తో 155 కిలోమీటర్లు వెళుతుందని కంపెనీ చెప్పే లెక్క పరీక్షా కేంద్రానిది. బరువుతో, మండుటెండలో, ఆగుతూ సాగుతూ తిరిగితే తగ్గుతుంది. తిరుపతి పట్టణంలో రోజుకు అరవై, డెబ్బై కిలోమీటర్లు తిరిగి రాత్రికి ఇంటికి చేరే బండికి ఇది సమస్య కాదు. పైగా డీజిల్‌ ఖర్చు మిగులుతుంది. మదనపల్లె నుంచి సరకుతో బెంగళూరు వెళ్లి అదే రోజు తిరిగి రావలసిన వాడికి మాత్రం ఇది పనికిరాదు.

కొనేవారు షోరూముకు వెళ్లేముందు చేయవలసిన పని ఒకటుంది. తాము తిరగబోయే బాటలో ఇప్పటికే తిరుగుతున్న బండ్లను వారం రోజులు గమనించాలి. ఎన్ని నిండుగా పోతున్నాయి, ఎన్ని ఖాళీగా తిరిగి వస్తున్నాయి? తిరుగు బాడుగ దొరికే బాట అయితే పెద్ద బండి నిలబడుతుంది. చెన్నైకి కూరగాయలు తీసుకెళ్లి వచ్చేటప్పుడు కిరాణా సరకు తెచ్చుకునే వారు ఈ కోవలోని వారే. తిరుగు బాడుగ లేని పల్లె బాటలో చిన్న బండే మేలు. పాత బండి కొనేవారు రిజిస్ట్రేషన్‌ పత్రంలో ఫైనాన్స్‌ కంపెనీ పేరు తొలగిందో లేదో చూసుకోవాలి. తొట్టి కింద చట్రాన్ని చేత్తో తడిమి వెల్డింగ్‌ అతుకులు ఉన్నాయేమో పరిశీలించాలి. టమోటా బాక్సులు పరిమితికి మించి మోసిన బండి అయితే ఆ అతుకులు తప్పక కనిపిస్తాయి.